పసుపు చున్నీ వెనక్కొచ్చింది

పోయిన నెల మన విశాఖ బీచ్ రోడ్డులో జరిగిన చేతిపనుల ప్రదర్శన గురించి రాశాక ఉత్తరాలు చేటెడు వచ్చాయి. మన ఊరివాళ్లూ చుట్టుపక్కల పల్లెలవాళ్లూ ఆకు, మట్టి, చెక్క, నార, లక్క పట్టుకుని చేసిన వస్తువులు బల్లల మీద పెట్టుకుని కూర్చున్న ఆ రెండు రోజుల సంగతి అది. నా బల్లా ఉంది లెండి, మూలన, ఫ్యాను గాలి అందని చోట. ఉత్తరాల్లో కొన్ని "ఎలా చెయ్యాలి" అని, కొన్ని "ఎంతకి అమ్మాలి" అని. ఎక్కువ మాత్రం "ఇది నిజంగా సహజమేనా" అని. అవి ముందు తీసుకుంటున్నాను.

ప్ర: అక్కా, మాది మధురవాడ. నూలు చున్నీలకి పసుపు, బీట్‌రూట్, గోరింటాకుతో ఇంట్లోనే రంగు వేసి తెలిసినవాళ్లకి అమ్ముతున్నాను. వచ్చే నెల మొదటిసారి స్టాల్ పెడుతున్నా. రెండు ఉతుకులకే రంగు పోతోందని ఇద్దరు ఫోన్ చేశారు. ఉప్పు వేశాను, వెనిగర్ వేశాను, నిలవడం లేదు. "సహజ రంగులంటే ఇంతే" అని చెప్పేస్తే సరిపోతుందా?

జ: చెప్పకు తల్లీ. నేను చెప్పి చూశాను.

ఇరవై ఏళ్ల కిందటి మాట. షామియానా అంచున, ఎండ పడే చోట నా మొదటి బల్ల. పన్నెండు చున్నీలు, అన్నీ పసుపుతో వేసినవే. పొద్దున పరిచినప్పుడు బంతిపూల గంపలా ఉంది బల్ల. ఒక్కదాన్ని కూడా నీడలో పెట్టాలని తోచలేదు. రెండు రోజులు అక్కడే ఎండ కాసింది. రెండో రోజు సాయంత్రం ఒకావిడ మడత విప్పమంటే విప్పాను. మడత లోపల పసుపు, పైన మజ్జిగ రంగు. చున్నీ పొడుగునా చారలు. అప్పటికే ఆరు అమ్మేశాను.

ఆ వారంలోనే కంచరపాలెం నుంచి ఒక పెద్దావిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేపర్లో చుట్టిన చున్నీ తీసి చూపించింది. సబ్బుతో ఉతికిందట, ఎక్కడికక్కడ ఎర్ర మచ్చలు. "ఏటమ్మా ఇది, దిష్టి నీళ్లలో ముంచి అమ్మేసినావేటి?" అంది. నా ముఖం చూడాలి అప్పుడు. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదాన్ని. పారాణి కలిపిన చేతులివి. సబ్బులోనూ సున్నంలో ఉన్నట్టే క్షారం ఉంటుందని మాత్రం తట్టలేదు. డబ్బులు తిరిగిచ్చాను. ఆవిడ తీసుకుని, గుమ్మం దిగుతూ "రంగు పోతే పోయింది గానీ, పోతాదని ముందే చెప్పాలి గదా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

కాబట్టి నీ మూడు రంగుల సంగతి చెప్తాను. బీట్‌రూట్‌ని వేపుడు చేసుకో. అది బట్టకి అంటుకునే రంగు కాదు, నీళ్లతో వచ్చి నీళ్లతో పోయేది. పసుపు బట్టకి భలే త్వరగా పడుతుంది, కానీ ఎండకి ఆగదు. గోరింటాకు చేతికి ఎర్రగా పండుతుంది కదా అని నూలు మీద ఆశ పెట్టుకోకు. మన చర్మం, పట్టు, ఉన్ని ఒక జాతి. నూలు వేరే జాతి. పట్టు మీదైతే కాస్త మర్యాదగా పడుతుంది. ఉప్పూ వెనిగరూ వీటిలో దేన్నీ నిలబెట్టవు. ఎవరు చెప్పారో గానీ ఆ మాట ఊరంతా పాకింది.

నూలుకి కావలసింది వగరు. కరక్కాయ. పెడనలోనూ శ్రీకాళహస్తిలోనూ కలంకారీ వాళ్లు బట్టని ముందు కరక్కాయ నీళ్లలో ముంచడం ఊరికే కాదు. కరక్కాయ వగరు నూలుని పట్టుకుంటుంది, పటిక ఆ వగరుని పట్టుకుంటుంది, రంగు పటికని పట్టుకుంటుంది. మధ్యలో ఏ చెయ్యి వదిలినా రంగు కాలువలోకే.

ఇలా చెయ్యి. కొత్త బట్టని బట్టల సోడా వేసిన నీళ్లలో గంటసేపు ఉడకపెట్టి గంజీ జిడ్డూ పోగొట్టు. ఇక్కడే చాలామంది బద్ధకిస్తారు, తర్వాత రంగు మచ్చలుగా పడిందని ఏడుస్తారు. చున్నీ 150 గ్రాములు తూగిందనుకో, 20 నుంచి 25 గ్రాముల కరక్కాయ పొడి గోరువెచ్చని నీళ్లలో కలిపి, అందులో చున్నీని రాత్రంతా నానబెట్టు. నీళ్లు పిండేసి, ఉతక్కుండా నీడన ఆరబెట్టు. మర్నాడు అంతే పటికని వేడినీళ్లలో కరిగించి, అందులో మూడు నాలుగు గంటలు ఉంచి మళ్లీ ఆరబెట్టు. అప్పుడు బంతిపూలు. బట్ట ఎంత బరువో కనీసం అంత బరువు పచ్చి పువ్వులు, అంతకి రెట్టింపైతే మరీ మంచిది. ఉడికించి, వడకట్టి, ఆ నీళ్లలో చున్నీ వేసి సన్నసెగన గంటసేపు తిప్పుతూ ఉండు. ఈ గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. పువ్వులు కొననక్కర్లేదు. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి వైపు వెళ్లు, దండలు కట్టేవాళ్లు పక్కన పడేసిన పువ్వులే సంచీడు దొరుకుతాయి.

నలుపు కావాలంటే తుప్పు పట్టిన మేకులు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టు. కలంకారీ వాళ్ల నలుపు ఇదే. కరక్కాయ పట్టిన బట్ట మీద ఒక్క చుక్క వేస్తే కళ్లముందే నల్లబడుతుంది. మోజు పడి ఎక్కువ పోస్తే ఇనుము బట్టనే తినేస్తుంది, ఏడాదికి చిల్లులు.

అమ్మే ముందు ఒక పని చెయ్యి. రంగు వేసిన ముక్కని సగం పుస్తకంలో, సగం కిటికీలో ఎండకి పెట్టి వారం రోజులు వదిలెయ్. ఇంకో ముక్కని మీ ఇంట్లో వాడే సబ్బుతో అయిదుసార్లు ఉతుకు. ఏం జరిగిందో చీటీ మీద రాసి చున్నీకి కట్టు. "బంతిపువ్వు, పటిక, కరక్కాయ. నీడన ఆరేయండి" అని నా చీటీల మీద ఉంటుంది. పసుపు చున్నీలు ఇప్పటికీ చేస్తాను, ఆ రంగంటే నాకు పిచ్చి. వాటి మీద "ఇది వెలిసిపోతుంది" అని రాస్తాను. చదివి మరీ కొంటారు.

ప్ర: మా పాపకి పది నెలలు. ఏటికొప్పాక గిలక కొన్నాం. ఎప్పుడూ నోట్లోనే పెట్టుకుంటోంది. అది పెయింటేనని మా అత్తగారు లాగేసుకుంటున్నారు, లక్క అని నేనంటున్నాను. ఎవరిది నిజం? (సీతమ్మధార నుంచి ఒక తండ్రి)

జ: బాబూ, అత్తగారు అడగడంలో తప్పు లేదు. అడగకుండా కొన్నది మీరు.

ఏటికొప్పాక ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది గానీ, మనకి మాత్రం మన ఊరి బొమ్మే. వరాహ నది ఒడ్డున ఉంటుంది. అక్కడివాళ్లు వాడేది అంకుడు కర్ర, తెల్లగా, మెత్తగా, ఉలికి లొంగేది. కర్రని లేత్ మీద తిప్పుతూ చెక్కుతారు. తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి చుట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకు మడిచి అదిమి పట్టుకుంటే అద్దంలా మెరుపొస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. పువ్వు వాసనకి పేరుబడిన చెట్టు, ఇక్కడ ఆకుతో పని చేస్తోంది.

ఇందులో కుంచె లేదు కాబట్టి గుర్తుపట్టడం కొంచెం తేలిక. రంగు బొమ్మ చుట్టూ ఉంగరాల్లా తిరిగి ఉండాలి. కుంచె గీతలు, కారిన చుక్కలు, పెచ్చులు ఉండకూడదు. బొమ్మకి కళ్లూ మీసాలూ కుంచెతో దిద్ది ఉంటే ఆ చుక్కలు లక్క కాకపోవచ్చు. అలాంటిది పది నెలల పిల్లకి ఇవ్వకండి. అడుగుభాగాన స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దితే లక్క మెత్తబడి దూదికి అంటుతుంది. ఈ సంగతి నాకు కరోనా రోజుల్లో తెలిసింది. శుభ్రం కదా అని మా మనవడి బొంగరాన్ని శానిటైజర్‌తో తుడిచాను. బొంగరం నా వేళ్లకి అతుక్కుంది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. తడిబట్టతో తుడవండి చాలు. వేడినీళ్లూ, ఎండలో పెట్టిన కారూ కూడా దానికి పడవు.

లక్కేనని తేలినా, అందులో కలిపిన రంగు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల లాంటి వాటిదా, రసాయనమా అన్నది కంటికి తెలియదు. ఆ ఊళ్లో సహజ రంగుల్ని మళ్లీ నిలబెట్టినందుకే సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఊరేగినవీ ఇవే, మూడో బహుమతి కూడా కొట్టాయి. ఇంత పేరున్న చోట నకళ్లు రాకుండా ఎలా ఉంటాయి? అందుకే అమ్మే మనిషిని అడగండి: ఈ ఎరుపు దేనితో వచ్చింది, ఈ ఆకుపచ్చ దేనితో వచ్చింది? తడుముకోకుండా చెప్తే కొనండి. "అంతా న్యాచురలే సార్" అని ఊరుకుంటే ఆ గిలకని అల్మరాలో అందానికి పెట్టండి. అన్నట్టు, గిలక లోపలి గింజలు ఊడి రావని ఒకసారి లాగి చూడండి. రంగు కంటే ముందు అది.

ప్ర: మేడమ్, నేను కాన్వాసు మీద రంగుల బదులు మట్టి వాడుతున్నాను. ఎర్రమట్టి దిబ్బల మట్టి రంగు ఇంకెక్కడా రావడం లేదు. రెండు బస్తాలు తెచ్చుకుంటే ఇబ్బంది ఉంటుందా?

జ: ఉంటుంది. రెండు బస్తాలు కాదు, రెండు గుప్పెళ్లు కూడా వద్దు. భీమిలి దారిలో ఆ దిబ్బలు అలా మడతలు పడి నిలబడడానికి వేల ఏళ్లు పట్టింది. యునెస్కో తాత్కాలిక జాబితాలోకి 2025లో ఎక్కాయి. సినిమాల వాళ్లూ షికార్ల వాళ్లూ తొక్కింది చాలు. అక్కడికి పుస్తకం, పెన్సిల్ పట్టుకెళ్లండి. మట్టి కావాలంటే పూజా సామాను కొట్లో జేగురు దొరుకుతుంది, మన అమ్మమ్మలు అరుగులకి పూసినదే. మెత్తగా నూరి, తుమ్మ బంకతో కలిపితే కాన్వాసు మీద చక్కగా నిలుస్తుంది. రంగు అచ్చం అలాగే రాదంటారా, రాకపోతే రాదు.

ప్ర: మామ్మగారూ, నేను తొమ్మిదో తరగతి. మాది పెదజాలారిపేట. గుల్లలతో గోడకి వేలాడేసేవి చేస్తున్నాను. గవ్వలు ఏరితే కేసు పెడతారని మా సార్ అన్నారు. నిజమా?

జ: సార్ అన్నది సగం నిజం నాయనా. పగడాల ముక్కలు, సముద్రపు గుర్రాలు, నాటిలస్ గవ్వ, రాక్షస ఆల్చిప్ప లాంటివి 1972 వన్యప్రాణి చట్టం కింద కాపాడుతున్న జాబితాలో ఉన్నాయి. ఎవరైనా అమ్మినా కొనకు. అల విసిరేసిన ఉత్త ఆల్చిప్పలు, నత్తగుల్లలు వేరే సంగతి. పేరు తెలియని పెద్ద గవ్వ కనిపిస్తే ఉన్నచోటే వదిలెయ్. చిన్నదైనా సరే, చెవి దగ్గర పెట్టుకునే ముందు లోపలికి చూడు, సన్యాసి పీత కాపురం ఉండొచ్చు. ఇంకో పని చెప్తాను. మీ తాతకో, వీధిలో పెద్దవాళ్లకో చూపించి ఒక్కో గుల్లని మీవాళ్లు ఏమంటారో అడిగి, చేసిన దాని వెనక రాయి. ఆ పేర్లు నాకూ పంపు.

ప్ర: కాల్చిన మట్టితో బుట్టలు (చెవులవి) చేస్తాను, నేరేడు ఆకు ఈనెలు అచ్చుపడేలా. జత 120 రూపాయలు. వచ్చినవాళ్లంతా పూర్ణా మార్కెట్లో 50కే దొరుకుతాయంటారు. తగ్గించనా? (గోపాలపట్నం)

జ: మీ ఉత్తరంలో లెక్కలన్నీ రాశారు కాబట్టి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మట్టి, కాల్పు కలిపి జతకి 25 రూపాయలు. పని 40 నిమిషాలు. మీరు మీ పనికి ఏమీ వేసుకోలేదు! గంటకి 90 వేద్దాం, అంటే 60. మొత్తం 85. పది జతలు ఆవంలో పెడితే రెండు పగులుతున్నాయన్నారు. ఆ రెండిటి ఖర్చు మిగతా ఎనిమిదీ మొయ్యాలి, అప్పుడు జత 106. కొక్కేలు, అట్ట కలిపి 14. ఇక్కడికి 120 అయింది. స్టాల్ అద్దె 2,000, అమ్ముడైనవి 50 జతలు. అంటే జతకి ఇంకో 40. అసలు ధర 160. మీరు 120కి అమ్మి, అద్దె ఎదురు కట్టి, ఎండలో కూర్చుని వచ్చారు.

బేరమాడేవాళ్ల మీద కోపం పెట్టుకోకండి. నేనూ ఎమ్వీపీ రైతుబజారులో పది రూపాయల కొత్తిమీర దగ్గర బేరమాడతాను, సిగ్గేసినా ఆడతాను. పూర్ణా మార్కెట్ సరుకు అచ్చుల్లో పోసింది, అది 50కి అమ్మడం న్యాయమే. మీదీ అదీ ఒకటి కాదని చెప్పడం మీ పని. బల్ల మీద ఒక ఎండు నేరేడు ఆకు పెట్టండి, పక్కన బుట్ట పెట్టండి. ఈనె ఈనెకీ సరిపోతుంటే కొనేవాళ్లే వంగి చూస్తారు. చూసినవాళ్లలో కొందరు 160 ఇస్తారు. మిగతావాళ్లు పూర్ణా మార్కెట్‌కి వెళ్తారు, వెళ్లనివ్వండి.

ప్ర: లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గరగా ఉంటాం. వెదురు బుట్టలకి బూజు పడుతోంది. ఒక దాని కింద పిండిలా రాలుతోంది కూడా.

జ: బూజు మన ఊరి తేమ గాలి పుణ్యం. పొడి బ్రష్‌తో దులిపి, పొద్దుటెండలో రెండు రోజులు పెట్టి, అవిసె నూనె పల్చగా రుద్దండి. తడి ఉండగా వార్నిష్ వేస్తే తడిని లోపల దాచిపెట్టినట్టే. పిండి రాలడం మాత్రం పుచ్చు. ఆ బుట్టని మిగతావాటికి దూరంగా పెట్టండి. వెదురులో తీపి ఉంటే పురుగు వస్తుంది. అందుకే తెలిసిన మేదర్లు వానలు వెళ్లాక కొట్టిన వెదురుని నీళ్లలో నానేసి గానీ చీల్చరు. ఈసారి కొనేటప్పుడు నానేశారా అని అడగండి.

ప్ర: మాది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు అక్కయ్యపాలెంలో ఉంటున్నాం. చేప పళ్లతో పత్తి దువ్వేవాళ్లని మా అమ్మమ్మ చెప్పేది. మా పిల్లలు నవ్వుతున్నారు. మీరైనా ఒక మాట రాయండి.

జ: రాస్తున్నాను, ఈ పేజీ చించి వాళ్ల చేతిలో పెట్టండి. పొందూరులో సన్నఖద్దరు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడతోనే దువ్వుతారు. సన్నటి పళ్లు వరసగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. గింజ మీది పోగుల్ని అవి తెగకుండా చిక్కు తీసి, నలకలు తీసేస్తాయి. అంత పదునుగా, అంత మెత్తగా పని చేసే ఇనుప దువ్వెన ఎవరూ చేసిపెట్టలేదు. కొండపత్తిని అలా దువ్వి, ఏకి, చేత్తో వడికితే నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నటి నూలు, దాకా వస్తుంది. నా దగ్గర ఒక పొందూరు పంచె ఉంది, మా నాన్నగారిది. దానికి రంగు వెయ్యడానికి ఇన్నేళ్లుగా నాకు ధైర్యం చాలలేదు. నవ్విన పిల్లల్ని ఒకసారి పొందూరు తీసుకెళ్లి ఆ దవడ మీద వేలు పెట్టి చూడమనండి.

ప్ర: బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను. ప్రకృతి చిత్రాలు వేస్తాను: తామరలు, లేళ్లు, జలపాతాలు. మీరు రాసిన ప్రదర్శనలో నా బల్ల కూడా ఉంది. అందరూ చూసి "బాగున్నాయండీ" అని వెళ్లిపోయారు. ఒక్కటీ పోలేదు. లోపం ఎక్కడ? (ఎమ్వీపీ కాలనీ)

జ: మీ బల్ల నాకు గుర్తుంది. చెయ్యి చాలా నీటుగా ఉంది, అది ముందు చెప్తున్నాను. కానీ మాస్టారూ, మీ ఎమ్వీపీ కాలనీలో లేడిని ఎప్పుడు చూశారు? మీ లేడి క్యాలెండర్లోంచి వచ్చింది. ఆ క్యాలెండర్ చూసేవాళ్ల ఇంట్లోనూ ఉంది. మీ పక్క బల్ల మీద ఒక కుర్రాడు పీత బొరియా, దాని చుట్టూ పీత బయటికి తోసిన ఇసుకా వేశాడు. గీతలు మీ అంత తిన్నగా లేవు. అయినా జనం దాని దగ్గర ఆగారు, "అరే, రోజూ బీచ్‌లో చూస్తాం కదా" అంటూ.

మీ ఇంటి ముందున్న బాదం చెట్టు ఆకు రాలేముందు ఎలా ఎర్రబడుతుందో వెయ్యండి. మొత్తం ఒకేసారి ఎర్రబడదు. ఎక్కడ మొదలవుతుందో చూస్తే గానీ వెయ్యలేరు. లేకపోతే ఈ శనివారం సింహాచలం వెళ్లి సంపెంగలు కొనండి. దేవుడికి రెండు, మీ బల్ల మీదికి రెండు. వాటికి ఎన్ని రేకులున్నాయో ఊహించి ముందు ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టాను. రెండు పువ్వులకీ ఒకే లెక్క రాలేదు. మీకెంత వచ్చిందో రాయండి.